మొక్క వెలుగును చదువు విధము

వానకాలపు సాగు ఊపందుకొను దినములలో మహబూబాబాదు జిల్లాయందు మిరపనారు పెంచువారి షేడ్ నెట్ పందిళ్ళలోనికి పోయి, కొబ్బరిపొట్టు నింపిన 98 గుంటల ట్రేలు బారులు తీర్చియున్న చోట ఒక్కింత వంగి చూచినచో, అందఱును నిత్యము చూచుచు ఎవ్వరును అంతగా ప్రశ్నింపని వింత యొకటి కానవచ్చును. బారుల అంచునగల నారు పొట్టిగా, కాండము లావుగా, ఆకు ముదురుపచ్చగా నిలిచియుండును. నడుమనున్న నారు దానికంటె పొడవెదిగి, సన్నని కాండముతో, లేతపచ్చని ఆకులతో ఒకదానిపై నొకటి వాలుచుండును. విత్తనమొకటే, పొట్టు ఒకటే, పోసిన నీరొకటే, పైన కప్పిన వలయు నొకటే. నర్సరీవారు దీనిని "నారు సాగింది" అని ఒక్కమాటలో తేల్చివేయుదురు. వానలు వెనుకబడి రైతు నారు కొనిపోవుట ఆలస్యమైనచో అది యింకను సాగునని దిగులుపడుదురు. ఏలనన సాగిన నారు తోటలో నాటిన పిమ్మట ఎండకు తలవాల్చును, కుదురుకొనుటకు ఎక్కువ దినములు తీసికొనును.

కారణ మడిగినచో "నడుమ వెలుతురు చాలదు" అందురు. ఇది సగము నిజము. నారు ఇంకను చిన్నదై, ఒకదాని ఆకు మఱియొకదానిపై నీడ వేయకముందే నడిమి మొక్కలు సాగుటకు మొదలిడుచున్నవి. అనగా వెలుగు తఱుగక పూర్వమే, తఱుగబోవుచున్నదని ఆ మొక్కకు ఏదో విధమున తెలియుచున్నది. కన్నులు లేని ప్రాణికి ఈ సంగతి తెలియుట వెలుగుయొక్క రంగువలన.

అన్నము పెట్టు రంగులు

సూర్యకాంతి గాజుపట్టకము గుండ పోయినపుడు ఊదా మొదలు ఎఱుపు వఱకు విచ్చుకొను వర్ణములలో దేనిని మొక్క ఆహారము చేసికొనుటకు ఎంత మేరకు వాడుకొనుచున్నదను ప్రశ్న పాతది. దానికి తొలిసారిగా కంటికి కనబడు జవాబు దొరికిన ప్రయోగమును ప్రక్కన వేఱుగ చెప్పుచున్నాను.

— చట్రములో —
ఎంగెల్మాన్ సూక్ష్మజీవులు
1882లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎంగెల్మాన్ ఒక నాచుపోగును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, చిన్న పట్టకముతో దానిపొడవునను ఇంద్రధనుస్సును పఱచెను. పోగు ఒక కొనన ఎఱుపు, మఱియొక కొనన నీలము, నడుమ పచ్చ. ఆ నీటిలో ప్రాణవాయువు కొఱకు వెదకులాడెడి సూక్ష్మజీవులను వదలెను. నాచు ఎచ్చట చురుకుగా ఆహారము చేసికొనునో అచ్చట ప్రాణవాయువు ఎక్కువగా వెలువడును గావున, ఆ జీవులు అచ్చటికే చేరవలెను. అవి ఎఱుపు పడినచోట ఒక గుంపుగను, నీలము పడినచోట ఇంకొక గుంపుగను మూగినవి; పచ్చ పడినచోట పలుచబడినవి. యంత్రములతో గాక, సూక్ష్మజీవుల గుంపులతోనే ఆయన ఆ లెక్కను గీసి చూపెను.
— ● —

ఆకు పచ్చగా నున్నది గనుక పచ్చని వెలుగు దానికి అక్కఱలేదనియు, దానినంతను వెనుకకు త్రోసివేయుననియు పాఠశాలలో చెప్పెడి మాట అతిశయోక్తి. ఆకు తనపై బడిన పచ్చని వెలుగులో అధికభాగమును తానే యుంచుకొనును. ఎఱుపు నీలములను ఇంచుమించు పూర్తిగా మ్రింగివేయుటచేత, తిరిగివచ్చు కొద్దిపాటి పచ్చదనమే మన కంటికి ప్రధానమై తోచుచున్నది. అంతేకాక, ఎఱుపును నీలమును ఆకు పైపొరలలోనే చాలవఱకు ఖర్చుకాగా, పచ్చని వెలుగు లోపొరలవఱకు చొచ్చుకొనిపోయి అచటి కణములకును పని కల్పించును. 1972లో అమెరికాయందు మెక్రీ అను శాస్త్రజ్ఞుడు 22 జాతుల పైరుల ఆకులను వేర్వేఱు రంగులలో పరీక్షించి, ఎఱుపునందు అన్నిటికంటె ఎక్కువ ఫలము కలుగుచున్నదనియు, పచ్చనియందును కొట్టివేయరానంత పని జరుగుచున్నదనియు కొలిచి చూపెను.

ఆహారము విషయమున రంగునకు రంగునకు భేదము గలదు. కాని ఒకే పందిరి క్రింద ఒక నారు పొట్టిగను ఇంకొకటి పొడవుగను ఎదుగుటకు ఆ భేదము చాలిన కారణము కాదు. నిజమునకు సాగిన నారు ఎక్కువ తిని పెరిగినది కానే కాదు. దాని ఆకులు చిన్నవి, వేళ్ళు పలుచనివి. ఉన్న సొమ్మంతయు కాండము పొడవునకే వెచ్చించినది.

వార్త తెచ్చు రంగులు

ఎఱుపు అంచునకు ఆవల, మన కంటికి ఆనీ ఆనని వెలుగొకటి కలదు. దానిని దూరారుణమని పిలుతుము. కాంతిని తరంగములుగ ఎంచి కొలుచువారు ఎఱుపును 660 నానోమీటర్ల యొద్దను, దూరారుణమును 730 యొద్దను గుర్తింతురు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. రెంటి నడుమ ఎడము స్వల్పమే యైనను, ఆకు ఒక జల్లెడవలె వాటిని వేఱుచేయును: పత్రహరితము ఎఱుపును తనలో పట్టియుంచుకొనును, తనకు పనికిరాని దూరారుణమును క్రిందికి జాఱవిడుచును, కొంత ప్రక్కకు వెదజల్లును. ఆరుబయట ఎండలో ఎఱుపు దూరారుణములు ఇంచుమించు సరిసమానముగ నుండగా, దట్టమైన పైరు క్రింద దూరారుణములో పదవవంతు మాత్రమే ఎఱుపు మిగులుటయు కలదు. మేఘము పట్టినపుడు వెలుగు మొత్తము తగ్గును గాని ఈ నిష్పత్తి అంతగా మాఱదు, గోడనీడలోను అంతే. దూరారుణము మీఱిన వెలుగు పచ్చని ఆకు గుండ వచ్చినదో, పచ్చని ఆకును తాకి మరలినదో అయియుండును. కావున ఆ వెలుగు తగిలిన మొక్కకు అందు వార్త ఒక్కటే: సమీపమున పోటీదారు గలడు.

ఈ వార్తను అందుకొను పదార్థము పేరు ఫైటోక్రోమ్. ఇది మొక్క కణములలోనుండు మాంసకృత్తు. దీనికి రెండు రూపములు గలవు. ఎఱుపు సోకినపుడు చురుకైన రూపమును, దూరారుణము సోకినపుడు మందమైన రూపమును దాల్చును. చురుకైన రూపము కణకేంద్రకములోనికి పోయి, కాండమును సాగదీయుమని ఆజ్ఞలిచ్చు కొన్ని మాంసకృత్తులను అచ్చటనే నశింపజేయును. అందుచేత కాండము అదుపులోనుండును. దూరారుణము ఎక్కువైనపుడు ఫైటోక్రోమ్ మందరూపమునకు మరలును, ఆజ్ఞలిచ్చు మాంసకృత్తులు బ్రదికిపోవును, ఆక్సిన్ అను వృద్ధిరసము ఊరును, కాండపు కణములు సాగును. ఇదంతయు జరుగుటకు దినములు పట్టవు. కొన్ని మొక్కలలో నిమిషములలోనే కాండము వేగమందుకొనుట కొలిచి చూచినారు.

ఈ పదార్థము ఉన్నదని కనుగొన్న కథ అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రమునకు చెందినది. అచట 1952లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ అనువారును వారి తోడివారును, వెలుగు సోకనిదే సరిగా మొలకెత్తని ఒక లెట్యూస్ రకపు విత్తనములను తడిపి, వాటిపై ఎఱుపు వెలుగును కొలది సేపు ప్రసరింపజేయగా అవి మొలచినవి. ఎఱుపు పిమ్మట దూరారుణమును ప్రసరింపజేయగా మొలవలేదు. ఎఱుపు, దూరారుణము, ఎఱుపు, దూరారుణము అని ఎన్నిమార్లు మార్చి మార్చి చూపినను, చిట్టచివర చూపినది ఎఱుపైనచో మొలక, దూరారుణమైనచో నిద్ర. ఇట్లు రెండు వెలుగుల నడుమ ముందుకును వెనుకకును తిరుగగల ఒకే పదార్థము ఆ గింజలో ఉండితీరవలెనని వారు ఊహించిరి. 1959 నాటికి దానిని మొక్కనుండి వెలికితీసిరి.

మన నారుమడి చిక్కు విప్పిన ప్రయోగము మాత్రము అర్జెంటీనాది. బల్లారే అను శాస్త్రజ్ఞుడును సహచరులును 1990లో ప్రకటించిన ఈ పరిశీలన నాకెంతో ముచ్చటగొలుపును. వారు తీసికొన్నవి ఆవ మొలకలు, ఉమ్మెత్తజాతి మొలకలు. ఇరుగుపొరుగున పచ్చని మొక్కలున్నచోట, ఇంకను నీడ పడకముందే, ఈ మొలకలు సాగుచున్నవని వారు గమనించిరి. ఆపై మొలక కాండముచుట్టును చిన్న గాజు తొడుగులమర్చి, వాటిలో మైలతుత్తపు ద్రావణము నింపిరి. మన రైతు బోర్డో మిశ్రమములో కలుపు నీలి మైలతుత్తమే ఇది. దూరారుణమును మ్రింగివేయుట దాని గుణము. తొడుగులోని మొలకకు కనబడు వెలుగు తగ్గలేదు, ఇరుగుపొరుగు మొక్కలు తొలగలేదు. వాటి ఆకులనుండి ప్రక్కగా వచ్చి కాండమునకు తగులు దూరారుణము మాత్రమే ఆగిపోయినది. ఆ మొలక సాగుట చాలవఱకు మానినది.

ట్రే నడిమి మిరపమొక్కకు నలుదిక్కులనుండి ఈ వార్త వచ్చుచున్నది; అంచుమొక్కకు ఒక ప్రక్క ఖాళీ.

నీలము పని

పునాదిరాయి క్రిందనో, కట్టెలమోపు క్రిందనో చిక్కిన గరిక తెల్లగా, పీలగా సాగుట ఎఱుగనివారుండరు. అచ్చట ఏ రంగును లేదు గనుక కాండమును నిలువరించునదియు లేదు. ఎఱుపుతోబాటు ఆ నిలువరించు పనిని చేయునది నీలము. క్రిప్టోక్రోమ్ అను పదార్థము దానిని అందుకొనును. మొక్క వెలుగువైపు వంగుటయు నీలము మూలముననే. 1880లో చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కూడి, గడ్డి మొలక కొనకు చిన్న టోపీ తొడిగినచో అది వెలుగువైపు వంగదని చూపెను. చూచునది కొన, వంగునది దాని దిగువభాగము. ఆ చూపునకు మూలమైన ఫోటోట్రోపిన్ అను పదార్థము 1990 దశకమున గాని చేతికి చిక్కలేదు. ఆకులపై నుండు పత్రరంధ్రములు ఉదయమున తెఱచుకొనుటకును నీలమే ముఖ్యమైన ప్రేరకము.

ఈ రంగమున తెలుగునేలమీద జరిగిన పని తక్కువదేమియు కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆచార్య వి. ఎస్. రామదాసుగారు పత్రరంధ్రములపైనను, కిరణజన్యసంయోగక్రియపైనను ఒక శిష్యపరంపరనే తయారుచేసిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్య రామేశ్వర శర్మగారి బృందము ఫోటోట్రోపిన్ చెడిన టమాట మొక్కలను వేఱుచేసి, ఆ లోపము మొక్కలో ఏయే మార్పులు తెచ్చునో పరిశీలించినది.

రాత్రిని కొలుచు కంది

జనగామ చెల్కలలో పత్తిసాళ్ళ నడుమ వేసిన కందిని చూడుడు. జూన్‌లో విత్తినది మనిషెత్తు దాటి గుబురుగా పెరిగి, చలికాలము సమీపించిన పిదపగాని పూయదు. అదే రకమును యాసంగిలో ఆలస్యముగా విత్తినచో నడుము లోతైనను ఎదుగక మునుపే పూతకు వచ్చును. అందుచేతనే యాసంగి కందికి సాళ్ళు దగ్గఱ చేయవలెననియు, విత్తనము ఎక్కువ వేయవలెననియు చెప్పుచుందురు. తేమ తక్కువగుటయు, చలియు దీనికి కొంత కారణమే; ముఖ్యకారణము రాత్రి పొడవు. మన ప్రాంతమున జూన్‌లో పగలు 13 గంటలకు కొంచెము పైబడియుండును, డిసెంబరులో 11 గంటలకు దిగును. ఈ రెండు గంటల తేడాను కంది పసిగట్టును.

1920లో అమెరికాలోనే గార్నర్, అల్లార్డ్ అనువారు వేసవిలో ఎంత పెరిగినను పూయని ఒక పొగాకు రకముపై ఈ మర్మమును బయటపెట్టిరి. పిమ్మటి పరిశోధకులు ఇట్టి మొక్కలు కొలుచునది పగటిని గాదు, రాత్రిననియు, నడిరాత్రి ఎఱుపు వెలుగును కొన్ని నిమిషములు చూపిన ఆ లెక్క చెడుననియు, వెనువెంటనే దూరారుణమును చూపిన చెడిన లెక్క తిరిగి కుదురుననియు కనుగొనిరి. నారును సాగదీయు ఫైటోక్రోమే ఇచ్చటను పనిచేయుచున్నది. వియత్నాం దేశపు డ్రాగన్ పండ్ల తోటలలో రాత్రులు బల్బులు వెలిగించి అదనుగాని కాలమున పూత రప్పించుటయు, చామంతికి రాత్రి వెలుగిచ్చి పూతను వాయిదా వేయుటయు ఈ సూత్రముమీదనే సాగుచున్నవి.

దుక్కి, అడవి

దుక్కి దున్ని, తొలకరి పడిన వారము దినములకు చేనంతయు కలుపు మొలచుటకు తడియొక్కటే కారణమనుకొందుము. చిన్న గింజల కలుపుజాతులలో పెక్కింటికి మట్టిలో ఎంత తడియున్నను వెలుగు సోకనిదే మొలకలేదు. ఏండ్లతరబడి అడుగున పడియున్న గింజను నాగలి తిరుగవేయగా, సెకనులో చిన్నభాగమైనను పగటివెలుగు దానికి తగులును. ఫైటోక్రోమ్ చురుకైన రూపమునకు తిరుగుటకు కొన్నిటికి అంతమాత్రము చాలును. 1990 ప్రాంతమున జర్మనీలో రాత్రివేళ దున్ని చూచినారు. కొన్ని చోట్ల కలుపు తగ్గినది, కొన్ని చోట్ల తగ్గలేదు. ట్రాక్టరు దీపములార్పి దున్నుడని రైతుకు సలహా యిచ్చునంతటి నమ్మకము నాకు లేదు.

భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్ అడవుల నేలమీద ఇదే నాటకము నెమ్మదిగా జరుగును. వానకాలమున టేకు, మద్ది ఆకులు కప్పుకొన్నపుడు నేలకు దిగునది దూరారుణము మీఱిన వెలుగు. అనేక చిన్న గింజలు ఆ వెలుగులో నిద్రపోవును. ఎండకాలమున టేకు ఆకు రాల్చినపుడును, ముదిరిన చెట్టు కూలి పైకప్పులో సందు ఏర్పడినపుడును నేలకు ఎఱుపు దిగును. టేకుమొక్క నీడను సహింపనిది. ఆ సందు దొరికిన టేకుపిలకే నిలుచును.

వలలు, షీట్లు, అట్టలు

ఇక నర్సరీకి వత్తము. పందిరికి ఆకుపచ్చ వల కట్టుట మనవైపు వాడుక. పచ్చరంగు మొక్కకు హితమను భావము దాని వెనుక లేకపోలేదు. పచ్చని దారము తనపై బడిన ఎఱుపును నీలమును కొంత మ్రింగి, మొక్కకు ఎఱుపంతగా లాభింపని పచ్చనే ఎక్కువగా క్రిందికి పంపును. తెల్లని వల వెలుగును చెదరగొట్టి అన్ని ప్రక్కలకు పంచును, రంగు మార్చదు. ఇజ్రాయెల్‌లోని వోల్కానీ కేంద్రమున షాహక్ అను శాస్త్రజ్ఞురాలి బృందము ఎఱుపు, పసుపు, నీలము, ముత్యపు తెలుపు వలలను కట్టి, ఒకే నీడశాతము గల వలలైనను రంగునుబట్టి పైరు తీరు మాఱుచున్నదని చూపిరి. అయినను ఒక మాట నిష్కర్షగా చెప్పవలెను: మన పందిళ్ళలో నారు సాగుటకు వల రంగు రెండవ కారణము. నీడశాతము మితిమీఱుటయు, గింజలు ఒత్తుగా పడుటయు, నారు ట్రేలో ముదురుటయు మొదటి కారణములు. ట్రేలను కొంచెము ఎడముగ పెట్టుట, నాటుటకు వారము పదిదినముల ముందు వల తీసి నారును ఎండకు అలవాటుచేయుట, ఖరీదైన రంగువలకంటె ముందు చేయదగిన పనులు.

నేలపై పఱచు మల్చింగ్ షీటుకును రంగున్నది. అమెరికాలో కాస్పర్‌బౌర్ అనునతడు టమాట క్రింద ఎఱ్ఱని షీటు పఱచి, దానినుండి పైకి మరలెడి దూరారుణము మొక్కకు దొంగవార్త నందించుటచే అది కాయలకు ఎక్కువ సొమ్ము పంపినదని 1998లో ప్రకటించెను. మన మిరపతోటలలో పఱచునది వెండిరంగు పైకి, నలుపు క్రిందికి గల షీటు. దాని వెండి మెఱపు మొక్కకంటె పురుగులను ఉద్దేశించినది. ఆకు అడుగునుండి వచ్చు ఆ తళుకు ఎగురు పురుగులకు దారి తప్పించును. 2021లో నల్ల తామరపురుగు పూతలో చేరి వరంగల్, మహబూబాబాదు, ఖమ్మం ప్రాంతముల మిరపను నేలమట్టము చేసిన పిమ్మట తోటలనిండ వ్రేలాడిన నీలి జిగురు అట్టలును అట్టివే. తామరపురుగునకు నీలమనిన మోజు. ఆ అట్టలవలన మిరపచెట్టు పెరుగుదలకు కలుగు మేలు ఏమియు లేదు.

బొగ్గు, బల్బు

ఎఱుపు నీలపు ఎల్‌ఇడి దీపములతో, ఊదావెలుగు నిండిన మూసిన గదులలో ఆకుకూరలు పండించుట నగరములలో నేడు వింతగ చెప్పుకొనుచున్నారు. నీలి ఎల్‌ఇడి కనుగొన్న అకసాకి, అమానో, నకమూరలకు 2014లో నోబెల్ బహుమానము వచ్చుటయు ఈ ఉత్సాహమునకు తోడైనది. టిష్యూకల్చర్ గదులకు అవి తగినవే. మిరపకు, వరికి మాత్రము లెక్క కుదురదు. భూపాలపల్లి గనులలో సింగరేణి త్రవ్వు బొగ్గు 25 కోట్ల యేండ్లకు పూర్వపు గ్లోసోప్టెరిస్ మొదలగు చెట్ల ఆకులు ఎండలోని ఎఱుపు నీలములను పట్టి దాచినదే. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రము ఆ బొగ్గును కాల్చి, వేడిలో మూడవవంతునకు కొంచెము మించి విద్యుత్తు చేయును. ఎల్‌ఇడి దానిలో సగమునకు అటునిటుగ వెలుగు చేయును. ఆకు ఆ వెలుగులో నూటికి కొద్దిపాళ్ళు మాత్రమే ఆహారము చేయును. పురాతనపు ఎండను ఇన్ని చేతులు మార్చి ఆకునకు చేర్చుటకంటె, మహబూబాబాదు ఎండను ఉచితముగ వాడుకొనుట మేలు.

కల్లములో

2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిరప భూపాలపల్లి ప్రాంతమునను పండును. ఆ గుర్తింపునకై రైతులతోబాటు మహబూబాబాదు జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానము కృషిచేసినది. లావుగా టమాటవలె నుండు ఈ కాయకు కారము తక్కువ, రంగు ఎక్కువ. ధర పలుకునది ఆ రంగునకే. కాయలోని ఎఱుపునకు కారణమైన కాప్సాంతిన్, చెట్టున బ్రదికియున్నంత కాలము తనకు తగిలెడి ఎండ దెబ్బకు తట్టుకొనును. చెడిన అణువు స్థానమున క్రొత్తది ఏర్పడుచుండును. కోసి కల్లమున పోసిన పిదప ఆ మరమ్మతు లేదు. ఎండ, ముఖ్యముగ నీలమును అతినీలలోహితమును, గాలిలోని ప్రాణవాయువుతో కూడి ఆ అణువును తెగగొట్టును, ఎఱుపు వెలిసిపోవును. కొనువారు ఆస్టా అను కొలమానముతో రంగును లెక్కగట్టి ధర చెప్పు సరకు గనుక, కాయ తేమ తగ్గిన వెంటనే రాసి కెత్తి పట్టా కప్పుటయు, వరంగల్ ఎనుమాముల మార్కెట్టులో ధర నచ్చనిచో చీకటి శీతలగిడ్డంగిలో సంచులు పెట్టుటయు రైతునకు రంగు నష్టపడకుండ నుండు మార్గములు. రాసి పైన తెఱపిగా మిగిలిన కాయ వారములు గడచినకొలది వెలవెలబోవును, అడుగునగల కాయ రంగు నిలుపుకొనును.